దూకుడు అబ్బాయిది.. మౌనం అమ్మాయిది

మామిడి కాపు మొదలైందంటే విస్సన్నపేట చుట్టుపక్కల రోడ్లకు నిద్ర ఉండదు. నూజివీడు వైపు, తిరువూరు వైపు, సత్తుపల్లి వైపు రాత్రీ పగలూ లోడు బళ్లే. తెల్లారేసరికి నున్న మార్కెట్‌కు చేరాలన్న తొందర. సరిగ్గా అప్పుడే పదో తరగతి, ఇంటర్ పరీక్షలు అయిపోతాయి. హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన కుర్రాడి చేతికి నాన్న బైకు తాళం వస్తుంది. అదే ఇంట్లో, దాదాపు అదే వయసున్న అమ్మాయికి మాత్రం ‘ఎండన పడి ఎక్కడికీ వెళ్లకు, ఇంట్లో ఉండు’ అన్న మాట వస్తుంది.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా దెబ్బలతో మా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది అబ్బాయిలు. నీరసం, కళ్లు తిరగడం, పొత్తికడుపులో నొప్పి అంటూ ఓపీలో కూర్చునేవాళ్లలో ఎక్కువమంది అమ్మాయిలు. చూడటానికి రెండూ వేర్వేరు వరుసలు. కానీ ఇద్దరినీ అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. ‘ఇది ఎప్పుడు మొదలైంది?’ అబ్బాయి ‘నిన్న సాయంత్రం పడ్డాను సార్’ అంటాడు. అమ్మాయి ‘నాలుగైదు నెలల నుంచి’ అంటుంది. పక్కనున్న తల్లిదండ్రులు ఉలిక్కిపడతారు. ఎందుకంటే ఇద్దరి సంగతీ ఇంట్లో తెలిసింది ఈరోజే. ఈ మధ్యలో పోయిన గంటలు, నెలల గురించే ఇక్కడ చెప్పదలచుకున్నాను. అబ్బాయిలు సాహసాలు చేస్తారు, అమ్మాయిలు జాగ్రత్తగా ఉంటారు అని మనం తేలిగ్గా అనేస్తాం. అందులో కొంత నిజం ఉంది. అయితే ఆసుపత్రిలో పరిస్థితిని విషమం చేసేది ఎక్కువగా ఆ తర్వాత జరిగే దాపరికం.

లెక్కల్లో అబ్బాయిలు

కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 18 నుంచి 45 ఏళ్ల వాళ్లే 66.5 శాతం. మొత్తం మృతుల్లో పది మందికి ఎనిమిది మందికి పైగా పురుషులే. వాహనాల వారీగా చూస్తే ద్విచక్ర వాహనాల మీద వెళ్లినవాళ్లు 44.5 శాతం. పది మరణాల్లో ఏడింటికి కారణం అతివేగం. హెల్మెట్ పెట్టుకోకుండా చనిపోయినవాళ్లు ఆ ఒక్క ఏడాదిలోనే 50,029 మంది.

ఇది పల్లెటూరి సమస్యో, చదువులేనివాళ్ల సమస్యో అనుకోకండి. 2011 సెప్టెంబరులో హైదరాబాద్ బాహ్యవలయ రహదారి మీద క్రికెటర్ అజారుద్దీన్ కొడుకు స్పోర్ట్స్ బైకు ప్రమాదంలో గాయపడి చనిపోయాడు. వయసు 19. వెనక కూర్చున్న బంధువుల అబ్బాయి కూడా బతకలేదు. పదేళ్ల తర్వాత, 2021 సెప్టెంబరు 10న నటుడు సాయిధరమ్ తేజ్ బైకు దుర్గం చెరువు తీగల వంతెన దగ్గర జారిపడింది. చాలా రోజులు ఆసుపత్రిలో ఉన్నా కోలుకుని మళ్లీ నటించాడు. హెల్మెట్ వల్లే బతికానని ఆయనే పలుమార్లు చెప్పాడు. మీ అబ్బాయికి నేను చెబితే వినకపోవచ్చు, ఈ ఉదాహరణ చెప్పి చూడండి.

ఇదంతా పుట్టుకతో వచ్చిందేనా?

‘మగపిల్లాడు కదా సార్, దూకుడు ఉంటుంది’ అని తండ్రులు కాస్త గర్వంగానే అంటుంటారు. హార్మోన్లకు ఇందులో కొంత పాత్ర ఉంది, కాదనను. కానీ పరిశోధనలు చూస్తే సంగతి అంత తేలిగ్గా లేదు.

1999లో జేమ్స్ బర్న్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు కలిసి ఆడ, మగ తేడాల మీద అప్పటిదాకా వచ్చిన 150 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. ఎక్కువ విషయాల్లో మగవాళ్లే ఎక్కువ రిస్కు తీసుకుంటున్నారు. కానీ ఈ తేడా అన్నిచోట్లా ఒకేలా లేదు. వయసును బట్టి, సందర్భాన్ని బట్టి మారుతోంది. కాలం గడిచేకొద్దీ తగ్గుతోంది కూడా. వాళ్లు గమనించిన ఇంకో సంగతి నాకు మరీ ముఖ్యం అనిపిస్తుంది. రిస్కు తీసుకోవడం తెలివితక్కువ పని అని స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు కూడా మగవాళ్లు ముందుకు వెళుతున్నారు. ప్రమాదమేమీ లేనప్పుడు, పైగా ముందుకు వెళ్లడమే మంచిదైనప్పుడు కూడా ఆడవాళ్లు వెనకాడుతున్నారు.

తప్పు జవాబుకు మార్కు పోయే పరీక్షలో సగం తెలిసిన ప్రశ్నను కూడా వదిలేసి వచ్చే అమ్మాయిలు మీ ఇంట్లోనూ ఉండొచ్చు. మార్కుల సంగతి అలా ఉంచండి. ‘అమ్మా, నాకు ఇలా అవుతోంది’ అని నోరు తెరవడం కూడా ఆ అమ్మాయి లెక్కలో ఒక రిస్కే. ఆమె వదిలేసే ప్రశ్నల్లో అదీ ఒకటి.

మరి పెంపకం మారితే? మేఘాలయలోని ఖాసీ తెగలో వంశం తల్లి పేరు మీద సాగుతుంది, ఆస్తి చిన్న కూతురికి వెళుతుంది. అక్కడ, ఆఫ్రికాలోని మాసాయి తెగలో ఒకే రకం ఆట పెట్టి చూసిన అధ్యయనం 2009లో వెలువడింది. బంతిని బకెట్‌లో వేయాలి. పడిన ప్రతి బంతికీ ఇంత అని తీసుకోవచ్చు, లేదా అవతలివాళ్లతో పోటీపడి గెలిస్తే ఎక్కువ తీసుకోవచ్చు. మగవాళ్ల పెత్తనం సాగే మాసాయిల్లో మగవాళ్లు సగం మంది పోటీని ఎంచుకుంటే, ఆడవాళ్లలో నాలుగో వంతు మందే ఎంచుకున్నారు. ఖాసీల్లో లెక్క తిరగబడింది. ఆడవాళ్లలో 54 శాతం, మగవాళ్లలో 39 శాతం పోటీకి సై అన్నారు. ఇంగ్లండులో బడి పిల్లల మీద చేసిన ఇంకో అధ్యయనంలో, అమ్మాయిలు మాత్రమే చదివే బళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలు అబ్బాయిలతో సమానంగా రిస్కు తీసుకున్నారు. పోటీ, రిస్కు రెండూ ఒకటే అనడం లేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఏం ఆశిస్తున్నారన్నదాన్ని బట్టి ధైర్యం పెరుగుతుంది, తరుగుతుంది అని మాత్రం తెలుస్తోంది.

పక్కన ఎవరున్నారు?

మెదడులో ఉత్సాహాన్ని, ‘భలే’ అనిపించే ఆనందాన్ని నడిపించే భాగాలు పన్నెండు, పదమూడేళ్లకే జోరందుకుంటాయి. ‘ఆగు, ఆలోచించు’ అనే ముందుభాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటాల్సిందే. ఇది అబ్బాయిలకూ అమ్మాయిలకూ వర్తిస్తుంది. బండికి యాక్సిలరేటర్ ముందు వచ్చి బ్రేకు తర్వాత వచ్చినట్టన్నమాట.

2005లో అమెరికాలో గార్డ్‌నర్, స్టీన్‌బర్గ్ అనే పరిశోధకులు కంప్యూటర్‌లో కారు నడిపే ఆట ఆడించారు. పసుపు లైటు వెలిగాక ఆగాలా, ఇంకాస్త దూరం పోవాలా అన్నది ఆడేవాళ్ల ఇష్టం. ఒంటరిగా ఆడినప్పుడు 13-16 ఏళ్ల పిల్లలకూ పెద్దలకూ పెద్దగా తేడా లేదు. పక్కన స్నేహితులు కూర్చుని చూస్తుంటే ఈ పిల్లలు తీసుకున్న రిస్కు రెట్టింపయింది. పెద్దల్లో మార్పు లేదు. స్నేహితులుంటే దూకుడు పెరగడం అబ్బాయిల్లో, అమ్మాయిల్లో ఒకేలా కనిపించింది. అయితే మొదటి నుంచీ అబ్బాయిలది ఒక మెట్టు పైనే.

అందుకే ‘మావాడు చాలా నెమ్మదస్తుడు, నాతో వచ్చేటప్పుడు 40 దాటడు’ అన్న తండ్రి మాట అబద్ధమేమీ కాదు. ఆ కుర్రాడే వెనక ఇద్దరిని ఎక్కించుకుని, ఫోన్‌లో వీడియో తీస్తుంటే నడిపే వేగం వేరు. మామిడి చెట్టు చివరి కొమ్మకు ఎక్కడం, ఈత సరిగా రాకపోయినా చెరువులోకి దూకడం.. ఇవి కూడా ఒంటరిగా ఉన్నప్పుడు జరగడం తక్కువ. చూసేవాళ్లు ఉండాలి. కాబట్టి ‘జాగ్రత్తగా వెళ్లు’ అని చెప్పేకన్నా ‘ఎవరెవరు వెళుతున్నారు? బండి మీద ఎంతమంది?’ అని అడగండి. ‘ముగ్గురైతే తాళం ఇవ్వను’ అన్నది మీ ఇంటి నియమంగా ఉంటే, కుర్రాడికి స్నేహితుల ముందు పరువు పోకుండా తప్పించుకునే దారి కూడా దొరుకుతుంది. ‘మా నాన్న ఒప్పుకోడ్రా’ అనడం ‘నాకు భయంరా’ అనడం కన్నా ఆ వయసులో చాలా తేలిక.

వెనక సీటు సంగతి

దూకుడు, నమ్మకం రెండూ ఒకే బండి మీద కూర్చునే సందర్భం ఒకటుంది. అన్న నడుపుతుంటాడు, చెల్లి వెనక కూర్చుంటుంది. లేదా బావ, క్లాస్‌మేట్, కొత్తగా పెళ్లయితే భర్త. బండి ఎంత వేగంగా పోవాలో నిర్ణయించేది ముందున్నవాడు. పడితే ఎగిరిపడేది వెనకున్న మనిషి. ‘నెమ్మదిగా పోనీ’ అని ఒకసారి అంటుంది, వాడు నవ్వుతాడు, రెండోసారి అనదు. 2022లో హెల్మెట్ లేక చనిపోయిన 50,029 మందిలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లే.

వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ తప్పనిసరని చట్టంలో ఉంది. మన దగ్గర ముందున్నవాళ్లదే అద్దానికి వేలాడుతుంటుంది, ఇక రెండోది ఎక్కడిది? హెల్మెట్ పెట్టుకుంటే తలకు గాయమయ్యే ముప్పు 69 శాతం, చనిపోయే ముప్పు 42 శాతం తగ్గుతుందని అనేక అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో తేలింది. ఐఎస్ఐ గుర్తు ఉండాలి, గడ్డం కింద పట్టీ బిగించాలి. పట్టీ పెట్టకపోతే బండి కన్నా ముందు హెల్మెట్ ఎగిరిపోతుంది.

ఆడపిల్లలున్న ఇళ్లవాళ్లకు ఒక మాట. చున్నీ, చీర చెంగు వెనక చక్రంలో పడి మెడకు బిగుసుకోవడం సినిమా కల్పన కాదు. వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే కవచం, పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఆధారం ఉండాలని నిబంధనలే చెబుతున్నాయి. షోకు కోసం ఆ కవచం పీకేయిస్తున్నారు. మీ బండికి ఉందో లేదో ఈ ఆదివారం చూడండి. చున్నీని ముడివేసి, కొసలు ఒడిలోకి దోపుకోవాలి. రెండువైపులా కాళ్లు వేసి కూర్చుంటే ఇంకా నయం. ‘ఆడపిల్ల అలా కూర్చుంటే బాగోదు’ అనే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకు మీరే నచ్చజెప్పాలి.

నడిచొచ్చాడు కదా అని..

ఇక దాపరికం దగ్గరకు వద్దాం. కుర్రాడు బండి మీంచి పడతాడు. మోచేయి గీసుకుంటుంది, తల కూడా నేలకు తగులుతుంది. ఒక్క క్షణం కళ్లు చీకట్లు కమ్ముతాయి. లేచి దులుపుకుంటాడు. స్నేహితులు మందుల దుకాణంలో కట్టు కట్టించి, బండి అద్దం మార్పించి ఇంటి దగ్గర దింపుతారు. ‘నాన్నకు తెలిస్తే చంపేస్తాడు’ కాబట్టి పొడుగు చేతుల చొక్కా వేసుకుని, తలనొప్పి అని చెప్పి పడుకుంటాడు.

తలకు పక్కగా, కణత దగ్గర ఎముక పలచగా ఉంటుంది. దాని లోపలివైపు ఒక రక్తనాళం వెళుతుంది. దెబ్బకు అది చిట్లితే పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరడం మొదలవుతుంది. మొదట్లో ఏమీ తెలియకపోవచ్చు. మనిషి మాట్లాడతాడు, నడుస్తాడు, అన్నం కూడా తింటాడు. కొన్ని గంటలు గడిచి, చేరిన రక్తం మెదడును నొక్కాక వాంతులు, మగత, తర్వాత స్పృహ తప్పడం. సమయానికి స్కాన్ చేసి ఆ రక్తాన్ని తీసేస్తే చాలామంది మామూలు మనుషులవుతారు. ‘పడుకున్నాడులే, లేపడమెందుకు’ అనుకున్న ఇంట్లో ఆ గంటలు పోతాయి. ఇది ముసలివాళ్లకన్నా కుర్రవాళ్లలోనే ఎక్కువగా చూస్తాం.

తలకు దెబ్బ తగిలిందని తెలిస్తే కనీసం ఒక రోజంతా కనిపెట్టుకుని ఉండాలి, రెండు రోజులైతే మంచిది. పడిన వెంటనే కాసేపైనా స్పృహ తప్పినా, ఏం జరిగిందో గుర్తులేకపోయినా, ఒకటికి మించి వాంతులైనా, తలనొప్పి పెరుగుతూ పోతున్నా ఆగకుండా స్కాన్ సదుపాయం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మాట తడబడటం, ఒక చేయి లేదా కాలు బలహీనపడటం, రెండు కంటిపాపలు వేర్వేరు సైజుల్లో కనిపించడం, చెవి నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తమో నీళ్లలాంటి ద్రవమో కారడం, ఫిట్స్, లేపినా లేవనంత మగత.. వీటిలో ఏ ఒక్కటున్నా 108కి ఫోన్ చేయడమే. నొప్పికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటివి సొంతంగా వేయకండి, రక్తస్రావం పెరగొచ్చు. చెట్టు మీంచి పడినవాణ్ని చంకల కింద పట్టి లేపి కూర్చోబెట్టకూడదు. మెడ, నడుము కదలకుండా అలాగే ఉంచి 108 కోసం ఆగాలి. చెట్టు కింద మన తొందరతో వెన్నుపాముకు జరిగే నష్టాన్ని ఆపరేషన్‌తో వెనక్కి తేలేం.

ఖర్చుకు భయపడి ఆగేవాళ్ల కోసం ఒక్క ముక్క. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల లోపు, 1.5 లక్షల రూపాయల దాకా నగదు రహిత చికిత్స ఇచ్చే కేంద్ర పథకం 2025 మే నుంచి ఉంది. ఆసుపత్రిలో అడగండి.

నీళ్లు తాగని అమ్మాయిలు

అమ్మాయిల సంగతి ఇలా చప్పుడు చేస్తూ రాదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం మన దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే వయసు అబ్బాయిల్లో 31.1 శాతం. ఇందులో తిండి పాత్ర పెద్దదే. నెలసరిలో అధిక రక్తస్రావం కూడా ఒక కారణం. అది ‘అధికం’ అని ఆ అమ్మాయికి ఎవరూ చెప్పి ఉండరు, ఆమె ఎవరినీ అడిగి ఉండదు. వారం దాటి రక్తస్రావం అవుతున్నా, గంట రెండు గంటలకే ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా, పెద్ద పెద్ద గడ్డలు పడుతున్నా పరీక్ష చేయించాలి. థైరాయిడ్ లోపం ఉండొచ్చు, కొందరిలో పుట్టుకతో వచ్చే రక్తం గడ్డకట్టని లోపం మొదటిసారి బయటపడేది కూడా ఇలాగే. హిమోగ్లోబిన్ 7, 8కి దిగిపోయినా మెట్లెక్కుతూ, పుస్తకాల సంచి మోస్తూ, చదువుకుంటూ ఉండే అమ్మాయిలను ఓపీలో చూస్తూనే ఉంటాం. ఉండాల్సింది 12.

ఇంకో విషయం. చాలామంది అమ్మాయిలు కాలేజీకి వెళ్లాక సాయంత్రం దాకా మంచినీళ్లు ముట్టరు. అక్కడి మరుగుదొడ్డి బాగోదు, లేదా వెళ్లాలంటే సిగ్గు. మన ఎండల్లో పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా, మూత్రం ఆపుకుంటూ ఉంటే మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్, తలనొప్పి రాక ఏం చేస్తాయి? మందులు రాసిస్తాం, తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. ఫీజు కట్టేటప్పుడు ర్యాంకుల గురించి అడిగే తల్లిదండ్రులు మరుగుదొడ్ల గురించి కూడా గట్టిగా అడగాలి. ఈ ప్రశ్న తండ్రి అడిగితే యాజమాన్యం ఇంకా త్వరగా కదులుతుంది. అలా ఉండకూడదు గానీ ఉంది.

బడుల్లో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను పారేయకుండా మింగుతోందా కనుక్కోండి. అన్నం తిన్నాక వేసుకుంటే కడుపులో తిప్పడం తగ్గుతుంది. నిమ్మరసం, ఉసిరి తోడైతే ఐరన్ బాగా ఒంటబడుతుంది. మాత్రకు ముందూ వెనకా టీ, కాఫీ వద్దు. మలం నల్లగా వస్తే భయపడక్కర్లేదు. ఇది నివారణకు ఇచ్చే మోతాదు. రక్తహీనత ఇప్పటికే ఉంటే డాక్టరు రాసే మోతాదు వేరు.

ఎవరిని నమ్ముతున్నారు?

నమ్మకాన్ని కొలవడానికి పరిశోధకులు ఒక ఆట ఆడిస్తారు. మీ చేతిలో కొంత డబ్బు పెడతారు. అందులో కొంత ముక్కూమొహం తెలియని మనిషికి పంపవచ్చు. పంపింది మూడింతలవుతుంది. తిరిగి ఎంత ఇవ్వాలో అతని ఇష్టం. ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, మగవాళ్లు కాస్త ఎక్కువ నమ్మి ఎక్కువ పంపుతున్నారు. నమ్మకాన్ని నిలబెట్టుకుని తిరిగి ఇవ్వడంలో మాత్రం ఆడ, మగ తేడా లేదు. అంటే ‘అమ్మాయిలు ఎవరినైనా ఇట్టే నమ్మేస్తారు’ అని మనం తరచూ అనే మాటకు ఆధారం లేదు.

అలాంటప్పుడు ఫోన్‌లో పరిచయమైనవాడికి ఫొటో పంపి ఇరుక్కున్న అమ్మాయి సంగతేమిటి అంటారు. అబ్బాయిలు కూడా ఇలా ఇరుక్కుంటున్నారు. వీడియో కాల్ రికార్డు చేసి డబ్బు గుంజే ముఠాలకు వాళ్లే తేలికగా దొరుకుతున్నారు. బెదిరించేవాడి చేతిలో అసలు ఆయుధం ఆ ఫొటో అనుకుంటాం. ‘మీ ఇంట్లో చెబుతా’ అన్న మాటే అంతకన్నా పెద్ద ఆయుధం. ఇంట్లో ముందే తెలిసిపోతే వాడి పట్టు చాలావరకు సడలిపోతుంది. డబ్బు పంపకుండా, సందేశాలు చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి 1930కి ఫిర్యాదు చేయాలి. అత్యవసరమైతే 112, మహిళలకు 181, పిల్లలకు 1098 ఉన్నాయి. ఈ కేసులు మా దగ్గరకు వేరే రూపంలో వస్తాయి. నిద్ర పట్టదు, గుండె దడ, ఉన్నట్టుండి బరువు తగ్గడం, తరచూ స్పృహ తప్పడం. ఈసీజీ, థైరాయిడ్ అన్నీ మామూలుగానే ఉంటాయి. ‘దిష్టి తీయించాం సార్, తగ్గలేదు’ అంటారు ఇంట్లోవాళ్లు.

అబ్బాయిల్లో ఇంకో చిక్కుంది. బండి మీద ముగ్గురు స్నేహితులుంటారు గానీ మనసులో బాధ చెప్పుకోవడానికి ఒక్కడూ ఉండడు. నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో ఆత్మహత్యతో చనిపోయిన 1,70,924 మందిలో పది మందికి ఏడుగురు పురుషులే. ‘ఏడవకురా, ఆడపిల్లలా’ అన్న మాట చిన్నప్పటి నుంచి విన్నవాడు పరీక్ష పోతేనో, ప్రేమ చెదిరితేనో ఎవరి దగ్గరకు వెళతాడు? కొన్నాళ్లుగా మాట తగ్గి, తిండి తగ్గి, ఇష్టమైనవాటి మీద ఆసక్తి పోతే, ‘నేను లేకపోతే మీకే నయం’ లాంటి మాటలు వస్తే తేలిగ్గా తీసుకోవద్దు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అలా అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరకు తీసుకురండి. టెలిమానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

తాళం ఇచ్చే ముందు

చట్టం సంగతి చాలామందికి సగమే తెలుసు. ‘పదహారు నిండాయి, స్కూటీ నడపొచ్చు’ అంటారు. పదహారేళ్లకు అనుమతి ఉన్నది ఇంజిన్ 50 సీసీ మించని బండికి. మీ ఇంట్లో ఉన్న స్కూటీ 110, 125 సీసీ. దానికి 18 నిండాలి, లైసెన్సు ఉండాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

పద్దెనిమిది నిండినవాడికైనా తాళం, హెల్మెట్ ఒకే కొక్కేనికి తగిలించండి. అమ్మాయికీ అదే కొక్కెం, అవే నియమాలు. ‘ఆడపిల్లకు బండి ఎందుకు’ అని ఆపేసి, వాడికి మాత్రం అడక్కుండా ఇచ్చేస్తే ఇద్దరికీ నష్టమే. ఆమె ఏ పనికైనా ఇంకొకరి వెనక సీటు కోసం చూడాలి, వాడికి అడ్డు చెప్పేవాళ్లు ఉండరు.

పిల్లలు పడి వచ్చినప్పుడో, ఏదో చెప్పబోయినప్పుడో మీ నోటి నుంచి వచ్చే మొదటి వాక్యాన్ని ముందే అనుకుని పెట్టుకోండి. ‘బండికి ఏమైంది?’ ‘నీకు ముందే చెప్పానా లేదా?’ ‘ఎవడు వాడు?’ ఇవి మనకు అలవాటైన మొదటి వాక్యాలు. వీటి బదులు ‘తలకు తగిలిందా నాన్నా?’ అనో, ‘సరే తల్లీ, చెప్పు, వింటున్నాను’ అనో అనగలిగితే మిగిలిన సంగతి దానంతట అదే బయటికొస్తుంది. కోపం రాకుండా ఉండదు, మనుషులం. అది రేపటికి దాచుకోవచ్చు. వాంతులవుతున్నాయా లేదా అన్నది మాత్రం ఇప్పుడే తెలియాలి.

ఇంట్లో చెప్పలేనివి ఉంటాయి. పిన్ని, మేనత్త, బాబాయి, టీచరు.. ఎవరో ఒక పెద్దమనిషి పేరు పిల్లలనే చెప్పమనండి. ‘నాతో చెప్పలేకపోతే వాళ్లతో చెప్పు, వాళ్లను నేను ఏమీ అడగను’ అని మాటివ్వండి. ఇచ్చాక తప్పకండి.

మా దగ్గరకు వచ్చినప్పుడు ఒక సహాయం చేయాలి. పదిహేనేళ్ల అమ్మాయిని నెలసరి గురించి అడిగితే అమ్మ జవాబు చెబుతుంది. కుర్రాణ్ని ‘సిగరెట్ తాగుతావా’ అని అడిగితే నాన్న జవాబు చెబుతాడు. మీ ఎదుట పిల్లలు చెప్పలేనివి కొన్ని ఉంటాయి. డాక్టరు మిమ్మల్ని కాసేపు బయట కూర్చోమంటే అవమానంగా అనుకోవద్దు. అమ్మాయి దగ్గర నర్సు ఉంటుంది. పిల్లలు చెప్పినది మా దగ్గరే ఉంటుంది. ప్రాణానికి ముప్పు ఉంటే మాత్రం మీకు చెబుతాం. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపాలి. ఈ రెండు మినహాయింపులూ పిల్లలకు ముందే చెప్పి మరీ మాట్లాడతాం. పది నిమిషాలు పడుతుంది. ఆలోగా బయట బల్ల మీద కూర్చోండి, ఓపీ చీటీ మీ దగ్గరే ఉంచుకోండి, లోపల ఏం అడిగారని తిరుగుదారిలో పిల్లలను గుచ్చి గుచ్చి అడగకండి.